నీళ్ల మీద కూర్చున్నవాళ్లు ఎవరికి జవాబు చెప్పాలి?

మారిషస్ దీవిలో ఏడాదికి సగటున 2000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురంలో పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే మూడున్నర రెట్లు ఎక్కువ. దీవి నడుమ ఉన్న ఎత్తయిన ప్రాంతంలోనైతే 4000 దాకా కురుస్తుంది. అంత వాన పడే చోట, కాస్త వానలు వెనకబడిన ఏడాది వస్తే చాలు, కుళాయిల్లో నీళ్లు రోజుకు కొన్ని గంటలే వస్తాయి. ఇళ్ల మీద ట్యాంకులు పెట్టుకుని పట్టుకోవాలి, అవీ అయిపోతే ట్యాంకరు కోసం ఎదురుచూడాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఎక్కడో హిందూ మహాసముద్రంలో ఉన్న దీవి సంగతి ఈ నెల మన పత్రికకు ఎందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ దీవి మనకు బొత్తిగా పరాయిది కాదు. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులను చెరకు తోటల్లో పనికని ఒప్పంద కూలీలుగా అక్కడికి ఓడల్లో తీసుకుపోయారు. వారిలో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లు ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఎక్కినందుకు వాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచారు. వాళ్ల సంతతి ఇప్పటికీ తెలుగును నిలుపుకుంటోంది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. రెండో కారణం మన కాలువ గట్టు మీదే ఉంది. మన సాగునీటి సంఘాలను ఎవరు నడపాలి, నడిపేవాళ్లు ఎవరికి లెక్క చెప్పాలి అన్న గొడవ మనకు తెగలేదు. ఆ గొడవే అక్కడ పెద్ద ఎత్తున నడిచింది. చిన్న దీవి కాబట్టి మొదలూ చివరా కనపడతాయి. కృష్ణా, గోదావరి లాంటి వ్యవస్థలో తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కష్టం. పై రాష్ట్రం అంటారు, బోర్డు అంటారు, ట్రిబ్యునల్ అంటారు. దీవికి పై రాష్ట్రం ఉండదు.

ముందు సైజు చెబుతాం. మారిషస్ ప్రధాన దీవి 1865 చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా జిల్లాలో ఐదో వంతు కన్నా కొంచెం ఎక్కువ. జనాభా పన్నెండున్నర లక్షల వరకు ఉంటుంది. అక్కడి పెద్ద రిజర్వాయరు పేరు మార్ ఓ వాక్వా. దాని సామర్థ్యం సుమారు 2 కోట్ల 59 లక్షల ఘనమీటర్లు. మన లెక్కలో ఒక టీఎంసీ కూడా కాదు. ఆ తర్వాతిది మిడ్‌ల్యాండ్స్, అదీ దాదాపు అంతే. దీవిలోని ముఖ్యమైన రిజర్వాయర్లన్నీ కలిపితే మూడు టీఎంసీల పైన కొద్దిగా వస్తుంది. మన ప్రకాశం బ్యారేజీలో నిలిచే నీళ్లు మూడు టీఎంసీలు. అంటే బ్యారేజీ వెనక నిలిచేపాటి నిల్వతో, దానికి తోడు బోర్ల నీళ్లతో, ఒక దేశం నడుస్తోంది. ఇళ్లకిచ్చే నీళ్లలో సుమారు సగం భూగర్భం నుంచి తోడేవే. వాగులు పొట్టివి. వాన పడితే కొద్ది గంటల్లో సముద్రంలో కలిసిపోతాయి. కాబట్టి నిలబెట్టుకున్న నీటిని ఒడుపుగా వాడుకోవడం మీదే అంతా ఆధారపడి ఉంది.

ఆ పని చేయాల్సిన సంస్థ సెంట్రల్ వాటర్ అథారిటీ. స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్లకు, 1971లో, చట్టం చేసి పెట్టారు. దీవి మొత్తానికి తాగునీరు ఇచ్చేది ఇదొక్కటే. ఉద్దేశం మంచిదే. నీళ్లు సరుకు కాదు, అందరికీ అందాలి, లాభం కోసం నడిచే చేతుల్లో పెట్టకూడదు అన్నదే అప్పటి ఆలోచన. దాన్ని మేము తప్పుపట్టం. చిక్కు నడిపే తీరులో వచ్చింది. బోర్డును ప్రభుత్వం నియమిస్తుంది. బోర్డు మీద మంత్రి. ప్రభుత్వం మారితే బోర్డు పెద్దలు మారతారు. నీళ్లు రాని ఇంటి ఆడమనిషి ఎవరిని అడగాలి? బోర్డును అడిగితే మంత్రిగారి విధానం అంటుంది. మంత్రిని అడిగితే అది స్వతంత్ర సంస్థ, బోర్డు చూసుకుంటుంది అంటాడు. ఈ రెండు మాటలూ మనకు కొత్త కాదు. నీటిపారుదల డివిజన్ ఆఫీసులో ఒక పూట కూర్చుని వచ్చిన ఏ రైతునడిగినా అచ్చం ఇవే చెబుతాడు.

ఇక అసలు లెక్క. ఆ సంస్థ శుద్ధి చేసి పైపుల్లోకి వదిలిన నీటిలో సగానికి పైగా బిల్లుకు రాదు. దాన్ని వాళ్లు లెక్కకు రాని నీరు అంటారు. కొంత దొంగ కనెక్షన్లకు పోతుంది, కొంత పని చేయని మీటర్లలో పోతుంది, ఎక్కువ భాగం పాతబడిన పైపుల నుంచి నేలలోకి కారిపోతుంది. వంద బిందెలు వదిలితే యాభై కూడా ఇంటికి చేరినట్టు లెక్క తేలడం లేదు. మన పిల్ల కాలువల్లో ఇలాగే జరుగుతుంది కాబట్టి మనం దీన్ని వింతగా చూడం. వింత ఏమిటంటే, ఇంత తెలిసీ నీళ్లు చాలడం లేదన్న ప్రతిసారీ కొత్త డ్యాం మాటే ముందుకు రావడం. బగటెల్ అనే చోట డ్యాంకు 2011లో పనులు అప్పగించారు. మూడేళ్లలో అవుతుందన్నది ఏడేళ్ల దాకా సాగింది, ఖర్చు ఎంతో పెరిగింది. తీరా కట్టాక ఆ నీళ్లు వెళ్లేదీ చిల్లులు పడిన పైపుల్లోకే. కొత్తగా నిలబెట్టిన ప్రతి రెండు బిందెల్లో ఒకటి మళ్లీ నేలపాలు.

డ్యాంకు శిలాఫలకం ఉంటుంది. ప్రారంభానికి ప్రధానమంత్రి వస్తాడు. వీధిలో గొయ్యి తీసి పాత పైపు మార్చి కొత్తది వేస్తే దాని మీద ఎవరి పేరూ చెక్కరు, పైగా రోడ్డు తవ్వారని జనం తిడతారు. బోర్డులో కూర్చున్నవాడి పదవి మంత్రి చేతిలో ఉన్నప్పుడు అతను దేని వెంట పడతాడో ఊహించడం కష్టం కాదు. మన దగ్గర మేజర్ల పూడికతీతకు, షట్టర్ల మరమ్మతుకు డబ్బులుండవు గానీ కొత్త ఎత్తిపోతలకు టెండర్లు పిలుస్తారు. రోగం ఒకటే.

2014 ఎన్నికల్లో గెలిచిన కూటమి దీవి అంతటా 24 గంటలూ నీళ్లిస్తామని చెప్పి గెలిచింది. పదేళ్లు అధికారంలో ఉంది. 2024 నవంబరులో దిగిపోయేనాటికి కూడా అది అందరికీ అందలేదు. ఆ ఎన్నికల్లో ప్రతిపక్షం 62 నియోజకవర్గ స్థానాల్లో 60 గెలుచుకుంది. నీళ్లొక్కటే కారణమని మేము చెప్పడం లేదు, చాలా కారణాలున్నాయి. కానీ ఇక్కడ గమనించాల్సింది ఉంది. నీటి సంస్థ చేసిన తప్పుకు జనం శిక్ష వేయాలంటే మొత్తం ప్రభుత్వాన్నే దించాలి, అదీ ఐదేళ్లకోసారి. పైపు పగిలితే ప్రభుత్వం మార్చుకోవాల్సిన ఏర్పాటు అది. నీళ్ల కోసం ఓటు వేసేవాడు ధరల కోసం, ఉద్యోగాల కోసం, కులం కోసం, మతం కోసం వేసేవాళ్లతో కలిసి ఒకే పెట్టెలో వేయాలి. అందులో నీటి మాట వినిపించదు.

ధరలనూ పనితీరునూ పైనుంచి చూడటానికి ఒక నియంత్రణ సంస్థ ఉండాలని 2004లో అక్కడ చట్టం చేశారు. ఆ సంస్థ బోర్డు ఏర్పడి పని మొదలుపెట్టేసరికి 2016 వచ్చింది. పన్నెండేళ్లు చట్టం కాగితం మీద ఉంది. పని మొదలెట్టాక కూడా ముందు చూసింది కరెంటునే. తన మీద కాపలాదారును పెట్టుకోవడానికి ఏ మంత్రీ తొందరపడడు.

చెరకు రైతుల మాట చెప్పకపోతే ఇది సగం కథే అవుతుంది. మారిషస్‌లో వాగుల నీళ్ల మీద హక్కులు 1863 నాటి నదులు, కాలువల చట్టం నుంచి వచ్చాయి. ఫలానా ఎస్టేటుకు ఫలానా వాగులో ఇంత వాటా అని కోర్టులు తేల్చి ఇచ్చిన హక్కులవి. అప్పుడు ఎస్టేట్లు ఎవరివి? ఫ్రెంచి సంతతి దొరలవి. కోరంగీలు ఆ తోటల్లో చెరకు నరికేవాళ్లు. తర్వాత తరాల్లో ఎస్టేట్లు తమకు అక్కర్లేని ముక్కలు అమ్మినప్పుడు, కూలి డబ్బులు కూడబెట్టుకున్నవాళ్లు ఎకరం, రెండెకరాలు కొనుక్కుని చిన్న రైతులయ్యారు. భూమి కొనుక్కోగలిగారు గానీ నీటి హక్కు దాని వెంట రాలేదు. కరువు వచ్చిన ప్రతిసారీ ఇళ్లకు ఇవ్వాలా, చెరకుకు ఇవ్వాలా అన్న తగువు పైకి లేస్తుంది. తగువులో ముందుగా ఎండేది చిన్నవాడి చెరకే. 1999 కరువు అక్కడివాళ్లు మరిచిపోరు. అంతకు ముందు ఏడాది ఆరు లక్షల టన్నుల పైన ఉన్న పంచదార ఉత్పత్తి ఆ ఏడాది నాలుగు లక్షల లోపుకు పడిపోయింది. కాలువ తలాపున ఉన్నవాడు మోటార్లు పెట్టి లాగుకుంటుంటే శివారువాడు వంతు కోసం రాత్రంతా బోదె దగ్గర పడుకునే మన కథకు ఇది దూరపు చుట్టం.

ఇలా సంస్థ నానాటికీ బలహీనపడ్డాక ప్రపంచ బ్యాంకు సలహా వచ్చింది. 2018 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వం దాన్ని బయటపెట్టింది. ఆస్తులు ప్రభుత్వానివిగానే ఉంటాయి, నడపడం, బిల్లులు వసూలు చేయడం ప్రైవేటు కంపెనీకి అప్పగించాలి. దీనికి ఫ్రెంచి భాషలో అఫెర్మాజ్ అని పేరు. మన మాటలో చెప్పాలంటే కౌలు.

కౌలు సంగతి రైతులకు వేరే చెప్పాలా? ఏడాది కౌలుకు తీసుకున్న పొలంలో ఎవరూ చెరువు మట్టి తోలించరు, గట్లు పోయించరు. మేము కౌలు రైతును తప్పుపట్టడం లేదు. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి పెట్టుబడి ఎలా పెడతాడు? అతనికి కార్డు లేదు, బ్యాంకు రుణం లేదు, పంట నష్టపోతే పరిహారం భూస్వామి ఖాతాలో పడుతుంది. కంపెనీ కౌలు దీనికి తలకిందులు. అక్కడ కౌలుదారుకే అన్ని భరోసాలూ రాసిపెడతారు. పది, పదిహేనేళ్ల ఒప్పందం. అమ్మిన నీటికి తన వాటా ముందు తీసుకుంటాడు. డ్యాంల అప్పు, పెద్ద పైపులు మార్చే ఖర్చు ప్రభుత్వం నెత్తిన. పంట వాడిది, గట్టు మనది. ఒప్పందంలో ఏముందో చూపించమంటే వ్యాపార రహస్యం అనే మాట ఎదురొస్తుంది. మారిషస్ ఉద్యోగ సంఘాలు, పౌర సంఘాలు దీన్ని గట్టిగా ఎదిరించాయి. కౌలు ఒప్పందం జరగలేదు. సంస్థ ప్రభుత్వ రంగంలోనే ఉంది. మంచి పని చేశారు.

అయితే మన సంఘాల్లో కొందరు ఇక్కడితో ఆగిపోతారు. ప్రైవేటు రాకుండా ఆపాం, గెలిచాం అని. సర్కారీ సంస్థ కాబట్టి సగం నీళ్లు నేలపాలైనా ఫరవాలేదని మేము అనలేం. అలా అంటే నీళ్లు రాని ఇంటివాళ్లు రేపు మనకు ఎదురు నిలిచి, కంపెనీ వస్తేనే నయం అంటారు. ప్రైవేటుకు దారి వేసేది ప్రపంచ బ్యాంకు నివేదికల కన్నా ముందు ఈ విసుగే. ఆర్టీసీ విషయంలో, కరెంటు విషయంలో ఈ విసుగును పాలకులు ఎలా వాడుకున్నారో చూశాం.

మరి సంస్థ జనం చేతిలో ఉండి, జనానికే జవాబు చెప్పే ఏర్పాటు ఎక్కడైనా ఉందా? ఇంకో దీవిలో అలాంటి ప్రయత్నం చేశారు. పసిఫిక్ మహాసముద్రంలో, ఫిలిప్పీన్స్‌కు తూర్పున ఉన్న గువామ్. అమెరికా ఏలుబడిలోని చిన్న దీవి. 2020 లెక్కల ప్రకారం జనాభా 1,53,836. మచిలీపట్నం అంత ఊరనుకోండి. అక్కడివాళ్లకు అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. కానీ నీటి సంస్థను నడిపేవాళ్లను ఓటేసి ఎన్నుకుంటారు!

గువామ్‌లో నీటి విభాగం ఒకప్పుడు నేరుగా గవర్నరు కింద ఉండేది. 1990ల మధ్యలో దాన్ని గువామ్ వాటర్‌వర్క్స్ అథారిటీ అనే స్వతంత్ర సంస్థగా మార్చారు. మార్చినా పెద్దలను నియమించేది గవర్నరే కావడంతో పెత్తనం పోలేదు. ఉద్యోగాలు మనవాళ్లకు, చార్జీలు ఎన్నికల తర్వాత, మరమ్మతులు ఎప్పుడో. దాంతో 2002లో చట్టం చేసి, కరెంటు సంస్థకూ నీటి సంస్థకూ కలిపి ఐదుగురు సభ్యుల కమిషన్ పెట్టారు. కన్సాలిడేటెడ్ కమిషన్ ఆన్ యుటిలిటీస్ అని పేరు. ఐదుగురినీ దీవి మొత్తం ఓటేసి ఎన్నుకోవాలి. పార్టీ గుర్తులు ఉండవు. పదవీకాలం నాలుగేళ్లు. అందరి గడువూ ఒకేసారి ముగియదు, రెండేళ్లకోసారి కొందరు దిగి కొందరు వస్తారు. కాబట్టి ఒక్క ఎన్నికతో అందరూ కొత్తవాళ్లయి, పాత సంగతి మాకు తెలియదనే పరిస్థితి రాదు. జనరల్ మేనేజరును ఈ కమిషన్ పెట్టుకుంటుంది. 2003 జనవరి నుంచి ఇదే నడుస్తోంది.

కమిషన్ తొలి ఛైర్మన్ సైమన్ శాంచెజ్ చాలాకాలం ఆ కుర్చీలో ఉన్నారు. మిగెల్ బొర్దాయో అనే ఇంజనీరు దాదాపు పదేళ్లు నీటి సంస్థ జనరల్ మేనేజరుగా పనిచేశారు. గవర్నర్లు మారారు, పార్టీలు మారాయి, మేనేజరు ఉన్నారు. పదేళ్లు ఒకే ఇంజనీరు ఉంటే ఏ పైపు ఎక్కడ ఉందో, ఏ బోరులో ఉప్పు ఎప్పుడు పెరిగిందో తెలుస్తుంది. మన డీఈలను ఏడాది తిరక్కుండా బదిలీ చేస్తారు. తూము నంబర్లు నేర్చుకునేలోపే వీడ్కోలు సన్మానం.

కమిషన్ ఒక్కటే ఉంటే అదీ మరో పెత్తనమే అయ్యేది. దాని మీద మూడు కళ్లు ఉన్నాయి. చార్జీలు పెంచాలంటే వేరే నియంత్రణ కమిషన్ ఒప్పుకోవాలి. లెక్కలు ఆడిట్ కావాలి, దీవి ఆడిటరును కూడా జనమే ఎన్నుకుంటారు. సమావేశం పెడితే ఐదు పనిదినాల ముందు ఒకసారి, 48 గంటల ముందు మరోసారి బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఈ చివరిది చిన్నదిగా కనపడుతుంది గానీ మా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. మన ప్రాజెక్టు స్థాయి సలహా మండలి సమావేశం ఎప్పుడు జరుగుతుందో మనకు మర్నాడు పేపర్లో తెలుస్తుంది.

నాలుగో కన్ను కోర్టుది. కలుషిత నీరు, సముద్రంలోకి వదిలే మురుగు విషయంలో అమెరికా పర్యావరణ సంస్థ 2002 చివర్లోనే కేసు వేసింది. 2003లో కోర్టు ద్వారా ఒప్పంద ఉత్తర్వు వచ్చింది. అర్హత ఉన్న మేనేజర్లను పెట్టుకోవడం దగ్గర నుంచి తాగునీటి శుద్ధి, ఆర్థిక ప్రణాళిక దాకా అందులో షరతులున్నాయి. అవన్నీ గడువులో కాకపోతే 2011లో కోర్టు మళ్లీ ఉత్తర్వులిచ్చి, పనివారీగా తేదీలు పెట్టింది. ఎన్నికైన కమిషన్‌కు ఇది కొరడాగానూ పనిచేసింది, ఆసరాగానూ పనిచేసింది. చార్జీలు పెంచితే ఓట్లు పోతాయని జంకే సభ్యుడు, కోర్టు చెప్పింది కాబట్టి పెంచక తప్పదని జనం ముందు నిలబడి చెప్పగలిగాడు. చార్జీలు ఒకటికి నాలుగుసార్లు పెరిగాయి. పేదవాడికి అది భారమే, దాన్ని దాచిపెట్టం. నీటికి ధర పెంచడమే సంస్కరణ అనే వాదన మాది కాదు.

గువామ్‌ను స్వర్గంగా చూపించే ఉద్దేశం కూడా లేదు. అక్కడ కూడా తోడిన నీటిలో సగానికి పైగా లెక్కకు రావడం లేదు. మురుగునీటి పనులు ఇంకా మిగిలే ఉన్నాయి. 2023 మే 24న మవార్ తుపాను కొట్టినప్పుడు కరెంటు పోయి బోర్లు ఆగిపోయాయి, కొన్ని ఊళ్లకు వారాల తరబడి నీళ్లు లేవు. దీవి నీళ్లలో ఎక్కువ భాగం ఉత్తరాన సున్నపురాయి పొరల్లో ఉన్న మంచినీటి నుంచే వస్తుంది. ఆ మంచినీరు కింద ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఎక్కువ తోడితే ఉప్పు పైకి వస్తుంది. నాగాయలంక, అవనిగడ్డ, కోనసీమ తీరం రైతులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు, ఫిల్టర్ పాయింట్లు ఉప్పెక్కిన పొలాలు వాళ్ల కళ్ల ముందే ఉన్నాయి. ఇక దక్షిణాన ఉన్న పెద్ద రిజర్వాయరు ఫెనా అమెరికా నౌకాదళం సొత్తు. దీవి ప్రజల సంస్థ తన దీవిలో పడిన వాన నీటిని నౌకాదళం దగ్గర కొనుక్కోవాలి. ఎన్నికలు పెట్టినంత మాత్రాన ఇలాంటి పెత్తనం కరిగిపోదు. మారిషస్‌లో ఎస్టేట్లు, గువామ్‌లో నౌకాదళం. నీటి మీద అసలు హక్కు ఎవరి దగ్గర ఉందో చూడకుండా బోర్డులో ఎవరున్నారో మాత్రమే చూస్తే మోసపోతాం.

ఇప్పుడు మన కాలువ దగ్గరకు వద్దాం. ఎన్నుకున్న రైతులే నీటిని నడపాలన్న చట్టం మనకు గువామ్ కన్నా ముందే వచ్చింది. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం. ఆ ఏడాది జూన్‌లో ఉమ్మడి రాష్ట్రంలో 10,292 సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆపైన ప్రాజెక్టు కమిటీలు. దాని వెనక కూడా ప్రపంచ బ్యాంకు డబ్బు ఉంది. అదే కాలంలో మొదటి పంట వరికి నీటి తీరువాను ఎకరాకు 200 రూపాయలు చేశారు. మన సంఘం అప్పుడు పెంపును వ్యతిరేకించింది. కానీ చట్టంలో రైతు చేతికి వచ్చిన హక్కులను వదులుకోమని ఎవరికీ చెప్పలేదు.

ఆ హక్కులు ఏమయ్యాయి? మొదట్లో కొన్నేళ్లు పూడికతీత జరిగింది, శివారుకు నీళ్లు వచ్చాయి, ఇది ఒప్పుకోవాలి. తర్వాత అధ్యక్షుడే కాంట్రాక్టరు అయిన చోట్ల పనుల బిల్లులు కాలువ కన్నా వేగంగా పారాయి. గడువులు ముగిసినా ఎన్నికలు పెట్టలేదు. తెలంగాణలో రాష్ట్రం ఏర్పడ్డాక పదేళ్లపాటు సంఘాల ఊసే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో ఎన్నికలు జరిపారు, చాలాచోట్ల ఏకగ్రీవం అన్నారు. ఊరు కూర్చుని ఒక మంచి మనిషిని నిలబెట్టుకుంటే ఏకగ్రీవం గొప్ప విషయమే. ఎమ్మెల్యే గారి ఇంటి నుంచి చీటీ వస్తే దానికి ఏకగ్రీవం అని పేరు పెట్టకూడదు. అది నియామకం. అప్పుడు మన అధ్యక్షుడు మారిషస్ బోర్డు సభ్యుడితో సమానం. శివారు రైతు ఏడ్చినా అతనికి పోయేదేమీ లేదు, ఎమ్మెల్యే గారికి కోపం వస్తేనే కుర్చీ పోతుంది.

పార్టీ గుర్తులు లేకుండా ఎన్నికలు మనకూ ఉన్నాయి. పార్టీలు మాత్రం పోలేదు. గువామ్‌లోనూ ఎవరు ఏ పార్టీ వైపో జనానికి తెలుసు. తేడా వచ్చేది గెలిచాక. అక్కడ గెలిచినవాడు పది మంది ముందు కూర్చుని లెక్క చదవాలి. మన చట్టంలో కూడా అది ఉంది. సంఘం ఏటా నీటి బడ్జెట్ వేసుకోవాలి, అప్పుడప్పుడూ సోషల్ ఆడిట్ జరపాలి, ఖాతాలు ఆడిట్ కావాలి. పని చేయని అధ్యక్షుడిని వెనక్కి పిలిచే నిబంధన కూడా ఉంది. సర్పంచుకు లేని భయం ఇక్కడ పెట్టారు. దాన్ని వాడిన సంఘాలు ఎన్ని? వసూలైన నీటి తీరువాలో సంఘానికి తిరిగి రావాల్సిన వాటా ఎంత వచ్చిందని రాతపూర్వకంగా అడిగిన గ్రామాలు ఎన్ని? మనం గవర్నమెంటును తిట్టడంలో చూపే ఉత్సాహం ఈ కాగితాలు అడగడంలో చూపలేదని మండల కార్యదర్శులు చెబుతున్నారు, అందులో నిజం ఉంది.

తాగునీటి విషయంలోనూ ఇదే రాబోతోంది. జల జీవన్ మిషన్ కింద ఇంటింటికీ కుళాయిలు బిగించారు. పైపులు వేయడానికి కేంద్రం డబ్బిచ్చింది. రేపు మోటారు కాలిపోతే, పైపు పగిలితే ఎవరు చూడాలి? ఊరి నీటి, పారిశుద్ధ్య కమిటీ చూడాలని మార్గదర్శకాల్లో రాశారు. మీ ఊళ్లో ఆ కమిటీలో ఎవరున్నారో ఒకసారి పంచాయతీ ఆఫీసులో అడగండి. చాలాచోట్ల కమిటీలో ఉన్న మనిషికే తాను ఉన్నట్టు తెలియదు. ఇలా పట్టించుకోకుండా కొన్నేళ్లు గడిస్తే, నడపలేకపోతున్నారు కాబట్టి ఏజెన్సీకి ఇస్తాం అని ఒక జీవో వస్తుంది. అప్పుడు ధర్నా చేయడం కన్నా ఇప్పుడు కమిటీలో కూర్చోవడం తేలిక.

మనం ప్రభుత్వాలను అడగాల్సినవి ఉన్నాయి. తెలంగాణలో సాగునీటి సంఘాలకు రహస్య ఓటుతో ఎన్నికలు పెట్టాలి. ఆంధ్రలో గడువు ప్రకారం పెట్టాలి, నియామకాలు వద్దు. ఓటరు జాబితాలో కౌలు రైతుల పేర్లు చేర్చాలి. నీళ్లు పెట్టేదీ, రాత్రి బోదె దగ్గర కాపలా ఉండేదీ వాళ్లే, ఓటు మాత్రం హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పట్టాదారుకు ఉంటోంది. మేజర్ స్థాయి డీఈలను, ఏఈలను కనీసం మూడేళ్లు కదపకూడదు. ప్రాజెక్టు కమిటీ, సలహా మండలి సమావేశాల తేదీ, ఎజెండా వారం ముందు గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. రైతులెవరైనా వచ్చి కూర్చోవచ్చని రాతపూర్వకంగా ఉండాలి. తూము తూముకూ ఎంత వదిలారో లస్కరు పుస్తకంలో రాసేది మనం చూడగలగాలి. సర్వర్లు, యాప్‌లు వస్తే వచ్చాయి, ముందు ఆ పుస్తకం చూపించమనండి.

ఈ కోరికలతో వినతిపత్రం రాష్ట్ర కమిటీ తయారు చేస్తోంది. దానికి ఆధారాలు కింది నుంచి రావాలి. వచ్చే మండల సమావేశాలకు వచ్చేటప్పుడు ప్రతి గ్రామ శాఖ మూడు కాగితాలు పట్టుకురావాలి. మీ సాగునీటి సంఘం చివరిసారి జనరల్ బాడీ ఎప్పుడు పెట్టిందో ఆ తీర్మానం నకలు. గత మూడేళ్లలో సంఘం పేరుతో జరిగిన పనుల జాబితా, బిల్లుల మొత్తం. శివారు ఆయకట్టులో గత సార్వాలో నీరందని ఎకరాలు, సర్వే నంబర్లతో. మొదటి రెండూ ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ రసీదు నకలైనా తీసుకురండి. మూడోది ఎవరినీ అడగక్కర్లేదు, పొలం గట్టున నడిచి రాసుకోవచ్చు. వచ్చినవి వచ్చినట్టు ఈ పత్రికలో మండలాలవారీగా వేస్తాం. ఇవ్వని సంఘాల పేర్లు కూడా వేస్తాం.